దొరకకముందే దొరికాడని చెప్పండి

తమోత్సు గారి బూట్లు అరలోనే ఉన్నాయి. అందుకే మొదట ఎవరూ బయటికి వెళ్లి వెతకలేదు.

కోషిమి ఊళ్లో, నారింజ తోటల కొండ మొదట్లో ఉన్న ఆ ఇంట్లో తొమ్మిది మంది ముసలివాళ్లు ఉంటారు. అందరిదీ మతిమరుపు జబ్బే. గుమ్మం పక్కన వాళ్ల బూట్లన్నీ తాళం వేసిన అరలో ఉంటాయి. ఎవరైనా లోపలున్నారా లేరా అన్న అనుమానం వస్తే పనివాళ్లు ముందు ఆ అర చూస్తారు. బూట్లు లేకుండా గడప దాటే మనిషిని ఇక్కడ ఎవరూ ఎరగరు. పెళ్లాం పేరు మరిచిపోయినవాడు కూడా గుమ్మం దగ్గరికి రాగానే వంగి బూట్ల కోసం తడుముకుంటాడు.

హిసాయో ఆ సమయానికి తన ఇంట్లో నిద్రపోతూ ఉండాల్సిన మనిషి. రాత్రి డ్యూటీ చేసింది. పొద్దున రావలసిన అమ్మాయికి జ్వరమని ఫోను రావడంతో పగటి డ్యూటీ కూడా నెత్తిన వేసుకుంది. యాభై దాటిన ఒళ్లు. మధ్యాహ్నం టీ పోసేటప్పటికి కళ్లు మూతలు పడుతున్నాయి. అందరికీ పెట్టాక ఒక కప్పు మిగిలింది. నిద్రమత్తులో ఎక్కువ పోశాననుకుంది. ఎక్కువైంది కప్పు కాదు, తక్కువైంది మనిషి అని తట్టడానికి కాస్త సేపు పట్టింది.

గదులు చూశారు. స్నానాల గది, దుప్పట్ల బీరువా, మంచాల కింద చూశారు. కిటికీ పక్కన కూర్చునే ముసలమ్మని అడిగితే, ఆయన ఇందాకే వచ్చి మా నాన్నతో పెళ్లి సంగతి మాట్లాడి వెళ్లాడు, కట్నం కానుకల ఊసే ఎత్తలేదు పాపం మంచివాడు అని చెప్పింది. అందరూ అలా లోపల తిరుగుతుండగా వంటామె వెనక తలుపు దగ్గర నిలబడి తన రబ్బరు బూట్లు ఎవరేసుకుపోయారని గొడవ మొదలుపెట్టింది.

హిసాయోకి నిద్రమత్తు వదిలిపోయింది.

ఆ తలుపులోంచి వచ్చిపోయే లాండ్రీ వ్యాను అతనికి ఫోను చేసింది. అతను తాపీగా చెప్పాడు. దుప్పట్ల మూట ఎత్తుకుని వెనక తలుపు దగ్గర తంటాలు పడుతుంటే ఎవరో పెద్దాయన తలుపు పట్టుకుని నిలబడ్డాడట. శ్రమపడుతున్నావు నాయనా అన్నాడట. మూట అడ్డం వచ్చి మనిషి కనపడలేదు గానీ, ఆ గొంతు విని పై ఆఫీసరెవరో తనిఖీకి వచ్చారనుకుని వంగి నమస్కరించి వచ్చేశాడట. ఎంతసేపైందని అడిగితే, అప్పటికే తను పక్క ఊరు చేరిపోయానన్నాడు.

బయట మంచు కలిసిన వాన పడుతోంది. జనవరి. కొండ పడమటి వైపున ఉండడంతో కోషిమిలో చీకటి తొందరగా వస్తుంది.

మేనేజరు కువబాతా కారు తాళాలు చేతిలో తిప్పుకుంటూ, ముందు మనమే ఒక చుట్టు తిరిగొద్దామన్నాడు. టౌన్ ఆఫీసు మైకులో చెప్పించామంటే ఊరంతా తెలిసిపోతుంది, కిందటి వేసవిలో ఒకావిడ బస్సెక్కి వెళ్లిపోయినప్పుడు నెల రోజులు తలెత్తుకోలేకపోయామని గుర్తు చేశాడు. చెడ్డవాడు కాదు. భయస్తుడు. హిసాయో అతనితో వాదించే ఓపిక లేక అతని ముందే టౌన్ ఆఫీసుకి ఫోను కలిపింది. వయసు ఎనభై ఆరు. సన్నగా, పొడుగ్గా ఉంటారు. బూడిద రంగు స్వెట్టరు, గోధుమ రంగు ప్యాంటు, కాళ్లకి తెల్లటి రబ్బరు బూట్లు. భోజనాల దగ్గర తను చూసినప్పుడు ఆయన ఒంటి మీదున్న బట్టలే చెప్పింది.

కాసేపటికి ఊళ్లోని స్తంభాల మీద మైకులన్నీ ఒక్కసారి గురగురలాడాయి.

"టౌన్ ఆఫీసు నుంచి తెలియజేస్తున్నాం. ఎనభై ఆరేళ్ల పెద్దాయన ఒకరు ఈ మధ్యాహ్నం నుంచి కనిపించడం లేదు..."

పేరు చెప్పరు. అది ఇంటివాళ్ల మర్యాద కోసం. ఆ మాటలు కొండకి తగిలి, సముద్రం వైపు వెళ్లి, మళ్లీ వెనక్కి వచ్చాయి.

*

వెతికేవాళ్లు పోగయ్యే ఫైరింజను షెడ్డుకి హిసాయో వెళ్లే దారిలోనే తమోత్సు గారి ఇల్లు. ఆయన భార్య ఫుసానో గొడుగు కూడా లేకుండా గేటు దగ్గర నిలబడి ఉంది. మైకులో పేరు చెప్పకపోయినా ఆవిడకి అర్థమైపోయింది. ఇంటికి వస్తాడేమో, మీరు ఇక్కడే ఉండండి బామ్మగారూ అని హిసాయో చెప్పింది. తమ పొరపాటే, క్షమించమని తల వంచింది.

"నువ్వెందుకు తల్లీ క్షమాపణ చెప్పడం" అంది ఫుసానో. "ఈ జబ్బుతో ఆరేళ్లు నా దగ్గరున్నాడు. నా చేతికీ ఆయన చేతికీ తాడు కట్టుకుని పడుకునేదాన్ని. ఆ ముడి విప్పుకుని మరీ వెళ్లిపోయేవాడు. మీ తలుపో లెక్కా?"

నవ్విందో, చలికి పళ్లు టకటకలాడాయో హిసాయోకి తెలియలేదు. కళ్ల కింద నల్లటి చారలు. ఆయన్ని అక్కడ చేర్పించి ఏడాదైంది. ఆవిడకి ఇంకా నిద్ర పట్టడం లేదని చూస్తేనే తెలుస్తోంది.

షెడ్డు దగ్గర అప్పటికే ఊరి ఫైరు దళం పోగైంది. జీతం లేని దళం అది. పొద్దున నారింజలు కోసేవాళ్లు, చేపలు పట్టేవాళ్లు, బడి పంతులు ఒకాయన, ఎవరి పని వాళ్లు వదిలేసి దళం కోటు తొడుక్కుని వచ్చేశారు. కెప్టెన్ తాదోకోరోకి నలభై ఏళ్లు కూడా ఉండవు. గొంతు మాత్రం కొండ అవతలికి వినపడుతుంది. టౌన్ ఆఫీసు తరఫున విపత్తుల విభాగం గుమాస్తా సుగాయా రెండు ఫోన్లు పట్టుకుని ఒక మూల నిలబడ్డాడు. మైకు మీట అతని చేతిలోనే ఉంది. షెడ్డులోంచే మాట్లాడే ఏర్పాటుంది.

పక్క ఊళ్ల దళాల్ని కూడా పిలిచామని, జనం సరిపోతారని తాదోకోరో చెప్పాడు. రేవు, బస్టాపులు, సముద్రపు గట్టు, దిగువ తోటలు. వెతకడం మొదలైంది. పడవలున్నవాళ్లు ఒడ్డు వెంట తిరుగుతున్నారు. దుకాణాలు మూసి కార్లలో బయల్దేరినవాళ్లు ఉన్నారు. హిసాయో షెడ్డులో ఒక డబ్బా మీద కూర్చుంది. కూర్చోగానే నిద్ర ముంచుకొచ్చింది. లేచి నిలబడింది.

కొండ మీద నారింజ తోటలకి నీళ్లిచ్చే కుంటలు మూడున్నాయి. దిగువ కుంట, నడిమి కుంట, పైకుంట. ఎవరు తప్పిపోయినా దళం తప్పక చూసేది కుంటలే. తాదోకోరో ఇద్దర్ని దిగువ కుంటకి పంపబోతుంటే సుగాయా ఫోను మోగింది. దిగువ కుంట పక్క ఇంటివాళ్లు. మీ దళం మనిషి ఒకాయన ఇప్పుడే వచ్చి కుంటంతా చూసి వెళ్లాడు, మా పాకలో కూడా చూశాడు, తొట్టి మీద మూత పెట్టలేదని మమ్మల్ని కోప్పడ్డాడు కూడా, మీ దళం పనితనమే వేరు అన్నారు. అయితే దిగువ కుంట అయిపోయినట్టే అన్నాడు సుగాయా. ఆ ఇద్దర్నీ రేవు వైపు పంపేశారు.

మైకులో రెండోసారి చెప్పారు. మనిషి దొరికేదాకా మధ్య మధ్యలో చెబుతూనే ఉండాలని నియమం.

కాసేపటికి ఇంకో ఫోను, నడిమి కుంట దగ్గర్నుంచి. మీవాడు వచ్చాడు, మా వెదురు కర్ర అడిగి తీసుకుని కుంట అడుగు గుచ్చి చూశాడు, ఈ వానలో ఒక్కణ్ణే పంపారేంటయ్యా, ఇంకొకణ్ణి తోడు ఇవ్వొచ్చుగా అని. సుగాయా క్షమాపణ చెప్పి, నడిమి కుంట కూడా అయిపోయిందన్నాడు. తాదోకోరో మురిసిపోయాడు. పక్క ఊరి దళం వాడెవడో గానీ చెప్పక్కర్లేకుండా వరసగా చూసుకుంటూ పోతున్నాడు, పని పూర్తయ్యాక వాడికి నేనే సారా పోస్తానన్నాడు.

అంతా కింద, సముద్రం వైపు వెతుకుతున్నారు. వెలుతురు తగ్గుతోంది. మూడోసారి మైకు మోగింది.

ఆ తర్వాత వచ్చిన ఫోను ఫిర్యాదు. కొండ మీద చివరి ఇంటావిడ. మాట వినసొంపుగా లేదు. సుగాయా ఫోను చెవికి దూరంగా పెట్టుకోవడంతో అందరికీ వినపడింది.

"మీ దళం ముసలాయన మా ఆయన్ని పట్టుకుని షింపే అంటాడేంటి? షింపే మా మామగారు. పోయి పాతికేళ్లైంది. మైకు మోగినా ఇంట్లో కూర్చున్నావా, నీ కోటేదిరా అని మా ఆయన్ని నిలబెట్టి తిట్టాడు. మా ఆయనకి అరవై ఏళ్లండీ, తిట్లు తినే వయసా? పైగా ఆ కోటు మీద ఊరి పేరు కూడా తప్పు. కామియా అని ఉంది."

తాదోకోరో ముఖంలో నవ్వు ఆగిపోయింది. కామియా అన్న ఊరు ఇప్పుడు లేదు. కోషిమిలో కలిపేశారు. ఆ కోట్లు తను దళంలో చేరకముందే పోయాయి.

"పక్క ఊరి దళం ఇంకా రానేలేదు" అన్నాడు బడి పంతులు, గుమ్మంలోంచి. "వంతెన దగ్గర ఆగిపోయారు. ఇప్పుడే చెప్పారు."

హిసాయో అప్పటికే ఫోను చేస్తోంది. ఇంట్లో ఉన్న వంటామెని తమోత్సు గారి గదిలోకి పరుగెత్తించింది. మంచం ఎదురుగా గోడ మీద కొక్కెం ఉంటుంది, దానికి నీలం కోటు ఉంటుంది, చూడు అంది. భార్య తెచ్చి తగిలించిన కోటు అది. రోజూ దాని వైపు చూస్తూ ఉంటే ఆయన మనసు కుదుటపడుతుందని తెచ్చింది. చాలా కాలం కామియా దళానికి కెప్టెన్‌గా చేశాడు తమోత్సు గారు.

కొక్కెం ఖాళీగా ఉంది.

*

షెడ్డులో అందరూ ఒక్కసారే మాట్లాడారు.

ఊరంతా బూడిద రంగు స్వెట్టరు కోసం చూస్తోంది. దళం కోటు వేసుకున్న మనిషిని చూసి వంగి, శ్రమపడుతున్నారు అని దారి ఇస్తోంది. ఆయన ఎక్కడికి వెళ్తే అక్కడ వెతకడం అయిపోయిందని వీళ్లే మనుషుల్ని వెనక్కి తిప్పేశారు. ఆయన్ని దాచిపెట్టింది వీళ్లే.

మైకు విని వెళ్తున్నాడు, అదీ సంగతి అంది హిసాయో. ఎవరో పెద్దాయన తప్పిపోయాడని మైకు చెబుతోంది. ఆయన ఆ పెద్దాయన్ని వెతుకుతున్నాడు. మైకు మోగిన ప్రతిసారీ ఇంకో కుంటకి ఎక్కాడు. ఇక మిగిలింది పైకుంట.

పైకుంట గట్లు ఏటవాలు సిమెంటు. దాని మీద పాచి. కిందటేడు అడవిపంది ఒకటి అందులో జారిపడి రెండు రోజులు ఈదింది. ఎక్కడానికి పట్టు దొరకక చచ్చిపోయింది. ఆరోగ్యంగా ఉన్న మనిషి కూడా నడుముకి తాడు లేకుండా ఆ గట్టు దిగడు. ఆయన చేతిలో వెదురు కర్ర ఉంది. దిగుతాడు.

తాదోకోరో నలుగురిని పంపాడు. ఫైరింజను నడిమి కుంట దాకానే వెళ్తుంది. అక్కణ్ణుంచి తోటల మధ్య మెట్లు, వానకి జారుడు, ఎంత పరుగెత్తినా తొందరగా అయ్యేది కాదు. పేరు పెట్టి అరవొద్దని, తమోత్సు అని పిలిస్తే ఆ తప్పిపోయినవాడి పేరు అదేననుకుని ఆయన కూడా మీతో కలిసి అరుస్తాడని హిసాయో హెచ్చరించింది. ఒకతనికి నవ్వొచ్చింది. వెంటనే తల దించుకున్నాడు.

నాలుగోసారి మైకు మోగించే వేళైంది. సుగాయా చేయి మీట మీద ఉంది. హిసాయో ఆ చేయి పట్టుకుంది.

ఇక చెప్పొద్దంది. అతను ఒప్పుకున్నాడు. కానీ తాదోకోరో తల అడ్డంగా ఊపాడు. చెప్పడం ఆపితే ఆయన పైకి వెళ్లడం ఆపడు, ఇప్పటికే బయల్దేరి ఉంటాడన్నాడు. దళం మనిషి వెతకడానికి వెళ్లాక ఒకే ఒక్క మాట విని కిందికి దిగుతాడు. దొరికారు అన్న మాట. అది వినకుండా దిగినవాణ్ణి ఇంట్లో పెళ్లాం కూడా గౌరవించదు.

"ఆ మాటే చెప్పండి" అంది హిసాయో.

సుగాయాకి అర్థం కాలేదు. అర్థమయ్యాక ముఖం తెల్లబోయింది. దొరకని మనిషి దొరికాడని టౌన్ ఆఫీసు మైకులో అబద్ధం చెప్పమంటావా అన్నాడు. చెప్పిన మరుక్షణం పడవలు తిరిగొస్తాయి. కార్లు తిరిగొస్తాయి. ఊళ్లో తలుపులు మూసుకుంటాయి. ఆ కొండ మీద ఆయన లేకపోతే? ఇటు రేవు వైపు దిగిపోయి ఉంటే? రేపు ఇంకెవరి అమ్మో, ఎవరి నాన్నో తప్పిపోయినప్పుడు ఈ మైకుని ఎవరు నమ్ముతారు? అతను అడిగిన ప్రశ్నల్లో ఒక్కటీ తప్పు కాదు. హిసాయో తలలో పొగమంచు నిండినట్టుంది. ఒకటే తెలుసు. ఆయన అటే వెళ్తున్నాడు.

సుగాయా పై అధికారికి ఫోను చేశాడు. కుదరదన్నారు. పోనీ అబద్ధం కాకుండా చెబుతానన్నాడు అతను. వెతకడం ముగిసింది, దళం సభ్యులు షెడ్డుకి రండి అని చెబితే సరిపోదా అని అడిగాడు.

"అలా అంటే శవం దొరికిందని" అన్నాడు తాదోకోరో నెమ్మదిగా. "క్షేమంగా అన్న మాట లేకుండా ముగిసిందంటే ఈ ఊళ్లో అర్థం అదే. నీళ్ల దగ్గరున్నవాడు నీళ్ల దగ్గరే ఆగిపోతాడు. మోయడానికి మనుషులు కావాలి కదా."

ఇక మిగిలింది ఇంటివాళ్ల మాట. మైకులో మొదటిసారి చెప్పాలన్నా, ఆపాలన్నా ఇంటివాళ్లు ఒప్పుకోవాలి. వాళ్లే చెప్పమంటే చెబుతాను, రేపు నా ఉద్యోగం పోతే పోనీ అన్నాడు సుగాయా. అది ధైర్యంగా అనలేదు. విసిగిపోయి అన్నాడు.

హిసాయో ఫుసానోకి ఫోను చేసింది. ఏదీ దాచలేదు. కోటు, కుంటలు, మైకు అన్నీ చెప్పింది. చెప్పేసి, అబద్ధమని తెలిసి కూడా మీరు ఒప్పుకోవాలి బామ్మగారూ అంది.

ఫుసానో ముందు ఒకటే అడిగింది.

"దొరికాడంటే అందరూ ఇళ్లకి పోతారు కదా?"

"పోతారు."

"ఆయన అక్కడ లేకపోతే, మళ్లీ అందర్నీ పిలిచేటప్పటికి..."

"అవునండీ."

ఫుసానో ఊపిరి పీల్చుకోవడం వినపడింది.

"మా పెళ్లైన ఏడాది వరదలో పిల్లాడొకడు కొట్టుకుపోయాడు. ఈయన వెళ్లాడు. ఒకటిన్నర రోజు రాలేదు. కూర వేడి చేయడం, చల్లారడం, వేడి చేయడం. దొరికాడని గంట కొట్టాకే వచ్చాడు. అంతకుముందు నాకు నొప్పులొస్తున్నాయని కబురు పెట్టినా వచ్చే మనిషి కాదు. చెప్పించు. నేను కుళాయి తిప్పుకుని వంటింట్లో కూర్చుంటాను. ఆ మాట నాకు వినపడకూడదు. వింటే నమ్మేస్తాను."

*

సుగాయా రెండుసార్లు గొంతు సవరించుకున్నాడు.

"టౌన్ ఆఫీసు నుంచి తెలియజేస్తున్నాం. కనిపించకుండా పోయిన పెద్దాయన క్షేమంగా దొరికారు. సహకరించిన అందరికీ కృతజ్ఞతలు. దళం సభ్యులు షెడ్డుకి తిరిగి రావలసిందిగా కోరుతున్నాం."

గొంతు ఎక్కడా వణకలేదు.

షెడ్డు గుమ్మంలోంచి సముద్రం కనిపిస్తుంది. ఒడ్డు వెంట తిరుగుతున్న పడవ దీపాలు ఒక్కొక్కటే రేవు వైపు తిరిగాయి. గట్టు మీద కార్లు వెనక్కి మళ్లాయి. సాయం చేయడానికి వచ్చిన ఊరంతా సంతోషంగా ఇంటికి పోతుంటే హిసాయో చూస్తూ నిలబడింది. ఎవరినీ ఆపలేదు. తన జీవితంలో ఇంత పెద్ద తప్పు ఇంత మెల్లగా జరగడం ఎప్పుడూ చూడలేదనిపించింది.

దిగువ వీధి ఆడవాళ్లు పెద్ద గిన్నెతో పంది మాంసం పులుసు, అన్నం ముద్దలు తెచ్చి షెడ్డు ముందు పెట్టారు. దళం తిరిగొచ్చేటప్పటికి వేడిగా ఏదో ఒకటి ఉండాలన్నది ఇక్కడి ఆనవాయితీ. పోనీలే, దొరికాడు, ఇంత చలిలో ఎంత అదృష్టం అని వాళ్లు హిసాయో భుజం తట్టారు. ఎక్కడున్నాడు, ఆసుపత్రికి తీసుకెళ్లారా అని ఒకావిడ అడిగింది. హిసాయో తల వంచింది. అలసిపోయిందిలే అని ఆవిడ ఒక గిన్నె చేతిలో పెట్టి వెళ్లింది. పులుసు వేడి చేతులకి తగిలింది. తాగలేదు.

రేవు నుంచి, గట్టు నుంచి మనుషులు తిరిగొచ్చారు. వాళ్లకి నిజం చెప్పి తాదోకోరో లోపలే నిలబెట్టాడు. ఎవరూ తిట్టలేదు. తిడితే బాగుండునని సుగాయా అనుకున్నట్టుంది.

రేడియో చిటపటలాడింది. పైకుంట దగ్గర్నుంచి.

"మనిషి లేడు కెప్టెన్. గట్టు మీద వెదురు కర్ర ఉంది. రబ్బరు బూట్ల గుర్తులు నీళ్ల దాకా ఉన్నాయి."

తాదోకోరో తాడు భుజానికి తగిలించుకున్నాడు. సుగాయా మీట దగ్గరికి వెళ్లి, వేలు దాని మీద పెట్టి, ఏమని చెప్పాలో తెలియక ఆగిపోయాడు. ఇందాక చెప్పింది అబద్ధమని చెప్పాలి. ఆ మాట ఎలా మొదలుపెడతారు?

హిసాయో రేడియో అందుకుంది. కర్ర ఎలా ఉంది, నీళ్లలో ఉందా, గట్టు మీద పడేసి ఉందా అని అడిగింది.

"పాతి ఉంది. నిలబెట్టి. చివర గడ్డి ముడేసి ఉంది."

బడి పంతులు తల ఎత్తాడు. అతని తాత కామియా దళంలో చేశాడు. వెతికేసిన కుంటకి కర్ర పాతి గడ్డి ముడేసేవాళ్లు, వెనక వచ్చేవాళ్లకి రెండో పని లేకుండా అన్నాడు. ఖాయంగా తెలుసా అంటే, మా తాత చెప్పేవాడు అన్నాడు. అంతకన్నా చెప్పలేకపోయాడు.

చీకటి పడిపోయింది. అందరూ గుమ్మంలోకి వచ్చి కొండ వైపు చూశారు. మెట్ల దారిలో ఆ నలుగురి దీపాలు తప్ప ఏమీ లేవు. పులుసు గిన్నె దగ్గర ఆడవాళ్లు గరిటెలతో వడ్డిస్తూ, వచ్చినవాళ్లందరికీ శ్రమపడ్డారు, శ్రమపడ్డారు అంటున్నారు. హిసాయో ఆ వరస వైపు ఊరికే చూసింది. ముగ్గురు మనుషులు, అందరివీ కొత్త కోట్లు. నాలుగో మనిషిది నీలం కోటు, తడిసి నల్లబడింది. వీపు మీద తెల్లటి గుండ్రటి గుర్తు. గిన్నె రెండు చేతులతో పట్టుకుని తన వంతు కోసం నిలబడ్డాడు.

మెట్ల దారిన రాలేదు ఆయన. నారింజ బుట్టల్ని బండి మీద కిందికి దించే ఇనుప పట్టా వెంబడే, తోటల మధ్య నిటారుగా దిగి వచ్చేశాడు. ఒకప్పుడు అందరూ అలాగే దిగేవాళ్లట. మోకాళ్ల దాకా బురద. పెదాలు నీలంగా ఉన్నాయి.

హిసాయో పరుగెత్తలేదు. పరుగెత్తితే ఆయన బెదురుతాడు. పక్కకి వెళ్లి నిలబడింది. వణుకుతున్న ఆయన చేతిలోంచి గిన్నె అందుకోబోతే ఇవ్వలేదు.

"మూడు కుంటలూ చూశాం" అన్నాడు తమోత్సు గారు, ఆమెకి కాదు, వెనక వచ్చిన తాదోకోరోకి. "ఏమీ లేదు. నీళ్లలో లేడు. అప్పుడే అనుకున్నా, నేల మీదే ఉంటాడని. ఎక్కడ దొరికాడు?"

తాదోకోరో నిటారుగా నిలబడ్డాడు. కొండకి వినపడే ఆ గొంతు ఇప్పుడు బొంగురుపోయింది.

"షెడ్డు దగ్గరే దొరికారు కెప్టెన్ గారూ."

"షెడ్డు దగ్గరా. దీపం కిందే చీకటి." ఆయన పులుసు తాగాడు. "మనవాళ్లంతా వచ్చారా?"

నలుగురు ఇంకా కొండ మీద ఉన్నారని తాదోకోరో నోరు జారాడు. ఇక ఆయన కదలలేదు. అందరూ దిగి, వరసలో నిలబడి, లెక్క సరిపోతే తప్ప కెప్టెన్ ఇంటికి వెళ్లడు. ఆసుపత్రి బండి వచ్చి నిలబడింది. ఆయన దాన్ని చూసి, పాపం ఆ ముసలాయన కోసమా అని అడిగాడు. దుప్పటి కప్పితే తోసేశాడు. చివరికి హిసాయో, ఇది దళం దుప్పటండీ, అందరికీ ఇస్తున్నారు అని చెప్పి పక్కనున్న ఇద్దరికి కూడా కప్పాక అప్పుడు ఊరుకున్నాడు.

ఆ నలుగురూ దిగుతుండగా ఫుసానో వచ్చింది. సుగాయా వెళ్లి తీసుకొచ్చాడు. కారు దిగగానే, ఇంటి మనిషి కోసం ఊరు వెతికినప్పుడు ఇంటివాళ్లు చేయాల్సిన పని మొదలుపెట్టింది. వరసలో నిలబడ్డవాళ్ల దగ్గరికి ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్లి నడుము వంచింది. మా వల్ల అందరికీ ఇబ్బంది కలిగింది, క్షమించండి. పంతులుకి, చేపలవాళ్లకి, ఇంకా రొప్పుతున్న ఆ నలుగురికి. వద్దు బామ్మా అని ఎవరు వారించినా ఆగలేదు. అలా వంగుతూ వంగుతూ వరస చివరికి వచ్చింది. అక్కడ తమోత్సు గారు నిలబడి ఉన్నాడు.

హిసాయో ముందుకి ఒక అడుగు వేసి ఆగింది.

ఫుసానో ఆయన ముఖంలోకి చూసింది. ఆయన కూడా చూశాడు. ఎవరో తెలిసినట్టు లేదు. ఆవిడ అందరికీ వంగినట్టే ఆయనకీ వంగింది. కాస్త ఎక్కువ సేపు వంగింది.

"మా వల్ల మీకు చాలా ఇబ్బంది కలిగింది."

"అయ్యో, ఇబ్బందేంటమ్మా" అన్నాడు ఆయన. అలాంటప్పుడు కెప్టెన్ అనాల్సిన మాటే, ఎన్నో వానల్లో, ఎందరో ఆడవాళ్లతో అన్న మాటే. "మీవారు క్షేమంగా దొరికారట. అదే చాలు. భయపడిపోయి ఉంటారు. ఇంటికెళ్లి పడుకోండి."

"అలాగేనండి" అంది ఫుసానో. "పడుకుంటాను."

తాదోకోరో లెక్క చూసి, సరిపోయిందని చెప్పి, దళాన్ని పంపించేశాడు. అందరూ కదిలాక కూడా తమోత్సు గారు అక్కడే నిలబడ్డాడు. ఇక ఏం చేయాలో తెలియలేదు. ఎటు వెళ్లాలో తెలియలేదు. ముఖంలోంచి కెప్టెన్ మెల్లగా దిగిపోయాడు. ఎనభై ఆరేళ్ల ముసలాయన, చలేస్తున్నవాడు మిగిలాడు. హిసాయో ఒక పక్క, ఆసుపత్రి మనిషి ఇంకో పక్క పట్టుకుంటే మారు మాట్లాడకుండా బండెక్కాడు.

ఫుసానో బండి దాకా వచ్చింది గానీ ఎక్కలేదు. తనతో రమ్మని హిసాయో అడిగితే తల అడ్డంగా ఊపింది.

"రేపొస్తాను తల్లీ. ఈ రాత్రికి నువ్వుండు." ఆవిడ గొంతు ఎంత సన్నగా అయిపోయిందంటే హిసాయో వంగి వినాల్సి వచ్చింది. "ఆయన వెళ్లి పడుకోమన్నాడు కదా. ఇన్నేళ్లలో నన్ను ఆ మాట అనడం ఇదే మొదటిసారి. పడుకుంటాను."

బండి తలుపు మూశారు. మంచం మీద తమోత్సు గారు అప్పటికే కళ్లు మూసుకున్నాడు. హిసాయో ఆయన మణికట్టు పట్టుకుని నాడి చూసింది. నాడి మెల్లగా, సమంగా కొట్టుకుంటోంది. చేయి వదలకుండానే తల బండి గోడకి ఆనించింది. రాత్రి డ్యూటీకి ఎవరొస్తారో ఆమెకి ఇంకా తెలియదు.